కొలంబస్‌కి కొత్తగా వస్తున్నాను: స్టేడియం దగ్గర ఇల్లు తీసుకోవచ్చా?

ప్రశ్న (ఖమ్మం నుంచి, ఆగస్టులో ఎం.ఎస్.కి):
అందరికీ నమస్కారం. కొలంబస్‌లోని ఓహయో స్టేట్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. స్టేడియం దగ్గర, లేన్ అవెన్యూ వైపు ఒక ఇంట్లో గది చూశాను, అద్దె తక్కువే. అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో అక్కడ ఉండటం కష్టమని ఒక సీనియర్ చెప్పాడు. నిజమేనా? పాత కారొకటి కొనుక్కుందామనుకుంటున్నాను.

జవాబు (కొలంబస్ పక్కనున్న డబ్లిన్ నుంచి, పదిహేనేళ్లుగా ఇక్కడే):
తమ్ముడూ, ఇల్లు సంగతి తర్వాత. ముందు ఈ ఊరిని అర్థం చేసుకో. మన యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఆడే ఆ స్టేడియం గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది, లక్షా రెండు వేల మంది పైనే పడతారు. ఒకవైపు నుంచి "ఓ-హెచ్" అని అరిస్తే అవతలివైపు నుంచి "ఐ-ఓ" అని వస్తుంది, రెండూ కలిపితే ఓహయో స్పెల్లింగ్. కొండెక్కేటప్పుడు ఒకరు "ఏడుకొండలవాడా" అంటే అందరూ "గోవిందా" అన్నట్టే. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

2024 సీజన్ చూసినవాళ్ళం అదృష్టవంతులం. అక్టోబరులో ఆరెగాన్ యూనివర్సిటీ జట్టు చేతిలో వాళ్ళ ఊళ్ళో 32-31తో, ఒక్క పాయింటు తేడాతో ఓడాం. నవంబర్ 30న మన స్టేడియంలోనే మన బద్ధ ప్రత్యర్థి మిషిగన్ చేతిలో 13-10తో మళ్ళీ ఓటమి. వాళ్ళ మీద వరసగా నాలుగో ఓటమి అది. కోచ్ రయన్ డేని తీసేయాలని ఊరంతా గోల. అదే జట్టు జనవరి 20న అట్లాంటాలో నోటర్ డేమ్‌ని 34-23తో ఓడించి కాలేజీ ఫుట్‌బాల్‌లో దేశానికే ఛాంపియన్ అయింది.

జవాబు (క్యాంపస్ దగ్గర నాలుగేళ్ళు అద్దెకున్న అక్క):
అన్నయ్యగారూ, అబ్బాయి అడిగింది ఇల్లు గురించి. నా సంగతి చెప్తాను, విను తమ్ముడూ. మాదీ స్టేడియంకి నడిచి వెళ్ళే దూరమే. ఇంటి వెనక కారు పెట్టుకోవచ్చని ఓనర్ నోటితో చెప్పాడు. సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున్నే పటేల్ కొట్టుకెళ్ళి పెరుగు, మినప్పప్పు, కరివేపాకు తెచ్చుకుని వచ్చేసరికి నా చోట్లో ఎవరిదో పెద్ద ట్రక్కు. వెనక గోడకి ఎర్ర అక్షరాలతో ఒక అట్టముక్క: గేమ్ రోజు పార్కింగ్, ఇంత డబ్బు. నా చోటునే ఓనర్ అద్దెకిచ్చుకున్నాడు! సరేలే అని పక్క సందులో పెట్టాను. సాయంత్రం చూస్తే కారు లేదు, టో చేసేశారు. రాత్రి రైడ్ పట్టుకుని టో చేసిన కార్లు ఉంచే ఊరి చివరి యార్డుకి వెళ్ళి, చలిలో లైన్లో నిలబడి, దాదాపు 200 డాలర్లు కట్టి తెచ్చుకున్నాను. తెల్లారి ఓనర్‌ని అడిగితే లీజు తీసి ఆరో పేజీ చూపించాడు. "హోమ్ గేమ్ రోజుల్లో పార్కింగ్ వర్తించదు" అని చిన్న అక్షరాల్లో ఉంది. సంతకం పెట్టింది నేనే, ఏం మాట్లాడగలను? ఇప్పటికీ ఆ అట్టముక్క గుర్తొస్తే కడుపు మండుతుంది.

జవాబు (కొలంబస్ పక్కనే ఉన్న పవెల్ నుంచి):
అక్కగారు చెప్పింది అక్షరాలా నిజం. హోమ్ గేములు ఏడాదికి ఏడో ఎనిమిదో, అన్నీ దాదాపు శనివారాలే. ఆ రోజు క్యాంపస్ బస్సుల రూట్లు మారతాయి. స్టేడియంలోకి మామూలు బ్యాగు రానివ్వరు, పారదర్శకంగా ఉండే బ్యాగే కావాలి. స్టూడెంట్లకి టికెట్ ఫ్రీ.

జవాబు (మళ్ళీ ఆ అక్క):
ఫ్రీ కాదండీ, డబ్బులు కట్టే కొనాలి. కాకపోతే స్టూడెంట్ ధర బయటివాళ్ళ కంటే బాగా తక్కువ.

జవాబు (పవెల్):
పొరపాటు నాదే, సరిదిద్దినందుకు థాంక్స్. ఇక డబ్లిన్ అన్నగారితో ఒక మాట. ఛాంపియన్ అయ్యాం, సంతోషమే. కానీ పాత పద్ధతిలో ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్ పోటీలు నాలుగు జట్లకే ఉండుంటే రెండు ఓటములతో మనం ఇంట్లో కూర్చునేవాళ్ళం. ఆ ఏడాదే పన్నెండు జట్లకి పెంచారు కాబట్టి బతికిపోయాం.

జవాబు (డబ్లిన్):
బతికిపోవడమేమిటండీ? డిసెంబర్ 21న మన స్టేడియంలో టెనెసీ మీద మొదటి క్వార్టర్‌లోనే 21-0. నీళ్ళు గడ్డకట్టే చలిలో మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. తర్వాత రోజ్ బౌల్ మ్యాచ్‌లో అదే ఆరెగాన్ మీద 34-0 దాకా వెళ్ళారు. ఆ తర్వాతి మ్యాచ్‌లో టెక్సస్ మన గోల్ లైన్ దగ్గరికొచ్చి స్కోరు సమం చేసేలా ఉంటే, మన జాక్ సాయర్ బంతి ఊడగొట్టి, తనే పట్టుకుని 83 యార్డులు పరుగెత్తాడు. ఇదంతా అదృష్టమా?

జవాబు (పవెల్):
ఆట గొప్పదే, కాదనను. కానీ మిషిగన్ మీద ఓటమిని ఆ కప్పు తుడిచేయదు. వాళ్ళతో ఆట ఉన్న వారం క్యాంపస్‌లో మిషిగన్‌లోని "ఎం" అక్షరం కనపడిన చోటల్లా ఎర్ర టేపుతో కొట్టేస్తారు. అంత పట్టుదల పెట్టుకుని, బంతిని తన్ని పాయింట్లు తెచ్చే ఫీల్డ్ గోల్స్ రెండు పోగొట్టుకుని, మన గడ్డ మీదే ఓడాం. నాకు ఇంకా నొప్పిగానే ఉంది.

జవాబు (ప్రశ్న అడిగిన అబ్బాయి):
అందరికీ చాలా థాంక్స్. లీజు ఇంకా సంతకం పెట్టలేదు. అక్కా, పార్కింగ్ గురించి ఓనర్‌ని ఏమని అడగాలి?

జవాబు (ఆ అక్క):
నోటిమాట వద్దు, ఈమెయిల్ పెట్టు. "గేమ్ రోజుల్లో కూడా ఆ చోటు నాదేనా" అని సూటిగా అడుగు. అవునంటే లీజులో రాయించు, కాదంటే కారు వచ్చే ఏడాది కొనుక్కో. గది మాత్రం వదలకు. కొత్తగా వచ్చినప్పుడు నడిచి క్లాసుకెళ్ళే దూరంలో ఉండటమే మంచిది. లీజు పేజీలు నాకు పంపు, ఈ రాత్రికే చదివి చెప్తాను.