‘అవటు’ అంటే మెడ వెనక భాగం కదా, థైరాయిడ్‌కి ఆ పేరేమిటి?

ప్రశ్న:
పాఠ్యపుస్తకాల్లో థైరాయిడ్‌ని ‘అవటు గ్రంథి’ అంటారు. అమరకోశం చూస్తే ‘అవటుర్ఘాటా కృకాటికా’ అని ఉంది. మూడూ మెడ వెనక భాగానికి పేర్లే. గ్రంథేమో గొంతు ముందుంది. ఇది పొరపాటా, అవటుకి ఇంకో అర్థం ఉందా? తెలుగులో రాసేటప్పుడు ఈ మాట వాడొచ్చా?

జవాబు 1:
‘అవటం’ అంటే గుంట, గొయ్యి. అవటుకీ ఆ అర్థం నిఘంటువుల్లో ఉంది. గొంతు దగ్గర, రెండు కంటె ఎముకలు కలిసేచోట గుంట ఉంటుంది కదా. దాన్ని బట్టి పెట్టి ఉంటారని నా ఊహ.

జవాబు 2:
ఊహ బాగుందండీ, కానీ చోటు కుదరదు. గ్రంథి ఆ గుంటలో ఉండదు, దానికి పైన ఉంటుంది. గొంతుముడికి కింద, శ్వాసనాళానికి అటూ ఇటూ రెండు తమ్మెలు. వాటిని కలుపుతూ నాళం రెండో ఉంగరం నుంచి నాలుగో ఉంగరం దాకా అడ్డంగా ఒక సన్నటి పట్టీ. పెద్దవాళ్లలో మొత్తం బరువు సుమారు 15 నుంచి 25 గ్రాములు. స్వరపేటికకి అంటుకుని ఉంటుంది కాబట్టి గుటక వేస్తే దాంతోపాటే పైకి లేస్తుంది. గొంతు మీద కనిపించే గడ్డ థైరాయిడ్‌దా కాదా అని చూడటానికి గుటక వేయమనేది అందుకే.

పేరు తప్పుచోట పడటం మనవాళ్లతో మొదలైంది కాదు. గ్రీకులో ‘థైరియోస్’ అంటే డాలు, తలుపంత పొడుగైన డాలు. డాలు ఆకారం నిజానికి పైనున్న మృదులాస్థిది, గొంతుముడిగా తగిలేది అదే. 1656లో థామస్ వార్టన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ పేరునే కింది గ్రంథికీ పెట్టాడు. అంటే ఇంగ్లీషు పేరు కూడా పక్కింటివాళ్ల పేరే. అవటు అనేది మెడకి సంబంధించిన మాట అన్నంతవరకే సరిపెట్టుకోవాలి. ముందూ వెనకా చూస్తే మాత్రం మీ అభ్యంతరం న్యాయమైనదే.

జవాబు 3:
మిగతా గ్రంథుల పేర్లు కూడా ఒకసారి చూడండి. ‘అధివృక్క’లో ఏ పేచీ లేదు. వృక్కం మీద ఉన్నది, అంతే. రెండు మూత్రపిండాల మీద రెండు టోపీల్లా ఉంటాయి, పేరు విన్నవాడు చోటు చెప్పేయగలడు. ‘వినాళ’ కూడా చక్కటి మాట. నాళం లేనిది, సరుకుని నేరుగా రక్తంలోకి వదిలేది. అయితే క్లోమం దగ్గర జాగ్రత్త. దానికి నాళం ఉంది, జీర్ణరసాన్ని చిన్నపేగులోకి పంపేది దాని ద్వారానే. ఇన్సులిన్‌ని రక్తంలోకి వదిలే లాంగర్‌హాన్స్ పుటికలు మాత్రమే వినాళం. మొత్తం క్లోమాన్ని ‘వినాళ గ్రంథి’ అని రాస్తే సగం తప్పు. మిశ్రమ గ్రంథి అనాలి.

‘పీయూష’ ఇంకో తమాషా. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి మన పేరు అది. లాటిన్లో పిట్యూటా అంటే శ్లేష్మం. మెదడులోంచి శ్లేష్మం ఈ గ్రంథి మీదుగా ముక్కులోకి దిగుతుందని పాతకాలం వైద్యులు నమ్మారు. మనకి వచ్చేసరికి అది పీయూషం అయింది, అమృతం. ‘పీయూషోఽభినవం పయః’, అంటే ఈనిన కొత్తలో పాలు, జున్నుపాలు కూడా. చనుబాలు పట్టించే ప్రొలాక్టిన్ ఈ గ్రంథి నుంచే వస్తుంది కాబట్టి పేరు కాకతాళీయంగా కుదిరింది. చీమిడి నుంచి అమృతానికి ఎదిగిన గ్రంథి ఇదొక్కటే.

జవాబు 4:
అవటు గురించి తగువు పడండి, కానీ మనిషికి చేటు చేసే మాట వేరే ఉంది: ‘థైరాయిడ్ ఎక్కువైంది’.

ముందు ‘నాకు థైరాయిడ్ ఉంది’ అనేది చూడండి. అది అందరికీ ఉంటుంది! షుగర్ ఉంది, బీపీ ఉంది అన్నట్టే ఇదీ వాడుకలో జబ్బు పేరైపోయింది. దాంతో నాకు పేచీ లేదు, భాష అలాగే నడుస్తుంది. చిక్కు ‘ఎక్కువ’ దగ్గర వస్తుంది. రిపోర్టులో టీఎస్‌హెచ్ అనే హార్మోను 12 అని ఉండి పక్కన ‘హెచ్’ (హై, అంటే ఎక్కువ) గుర్తు పడుతుంది. మామూలుగా ఉండాల్సింది సుమారు 0.4 నుంచి 4 లోపు. అది చూసి ‘థైరాయిడ్ ఎక్కువైందట’ అంటారు. నిజానికి అక్కడ థైరాయిడ్ తక్కువైంది.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదు. పీయూష గ్రంథి థైరాయిడ్‌కి వేసే కేక అది. పిలిస్తే పలకనివాణ్ణి ఇంకా గట్టిగా కేకేస్తాం కదా, అలాగే థైరాయిడ్ మందగించినకొద్దీ టీఎస్‌హెచ్ పెరుగుతుంది. థైరాయిడ్ జోరెక్కితే కేక అవసరం ఉండదు, టీఎస్‌హెచ్ 0.1 కన్నా కిందికి కూడా పడిపోవచ్చు. కేకేసేవాడికే గొంతు పోతే, అంటే పీయూష గ్రంథే దెబ్బతింటే, టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోను, థైరాక్సిన్) తక్కువున్నా టీఎస్‌హెచ్ పెరగదు. అందుకే అనుమానం ఉన్నచోట రెండూ చూస్తారు.

‘ఎక్కువైంది’ అన్న మాట విని, మందగించినందుకు వాడే థైరాక్సిన్ బిళ్ల మానేసినా, మోతాదు తగ్గించుకున్నా పరిస్థితి ఇంకా దిగజారుతుంది. నా సలహా: తెలుగులో ‘మందగించింది’, ‘జోరెక్కింది’ అందాం. అగ్నిమాంద్యం ఉన్న భాషకి ‘అవటు మాంద్యం’ కొత్తేమీ కాదు. వాపుకి ‘గళగండం’ ఎలాగూ ఉంది. కాకపోతే గళగండం ఉన్నంత మాత్రాన మందగించినట్టు కాదు, జోరుగా ఉన్న గ్రంథి కూడా వాస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
‘మందగించింది’ బాగా నచ్చిందండీ. రిపోర్టుల్లో కనిపించే ‘ఫ్రీ టీ4’ని తెలుగులో ఏమనాలి? యంత్రానువాదం ‘ఉచిత టీ4’ అంటోంది.

జవాబు 5:
ఉచితమైతే అందరూ తీసుకుందురు! ‘విడి టీ4’ అనండి. రక్తంలో టీ4 దాదాపు అంతా మాంసకృత్తులకి అంటుకుని తిరుగుతుంది. విడిగా ఉండేది సుమారు 0.03 శాతం, అంటే పదివేలలో మూడు. కణంలోకి వెళ్లి పనిచేసేది ఆ మూడే. గర్భిణుల్లో ఆ మాంసకృత్తు పెరుగుతుంది కాబట్టి మొత్తం టీ4 ఎక్కువ కనిపిస్తుంది, గ్రంథిలో లోపం లేకపోయినా. ‘మొత్తం’, ‘విడి’ అన్న రెండు మాటలుంటే ఈ తేడా ఒక్క ముక్కలో తేలిపోతుంది. టీ3, టీ4 అనే అంకెలు అణువులోని అయోడిన్ పరమాణువుల లెక్క.

పనిలో పనిగా, ‘సీరం’నీ ‘ప్లాస్మా’నీ రెంటినీ ‘రక్తద్రవం’ అని రాసేస్తున్నారు. అది వద్దు. గడ్డకట్టకుండా మందు కలిపిన రక్తాన్ని గిర్రున తిప్పితే పైన తేలేది ప్లాస్మా. అరగంట గడ్డకట్టనిచ్చి, తర్వాత తిప్పితే తేలేది సీరం. ఫైబ్రినోజన్ అనే మాంసకృత్తు ఫైబ్రిన్ పోగులుగా మారి గడ్డలోకి పోతుంది, సీరంలో ఉండదు. హార్మోను పరీక్షలు ఎక్కువగా సీరం మీదే చేస్తారు. పూర్తిగా గడ్డకట్టకముందే తిప్పితే ఫైబ్రిన్ పోగులు మిగిలి యంత్రం సూదికి అడ్డం పడతాయి. నా మట్టుకు ఈ రెంటికీ తెలుగు వెతకను, సీరం సీరమే.

జవాబు 4 రాసినవారు:
విడి టీ4 ఖాయం చేద్దాం. ఒక్క సంగతి వదిలేశాను. థైరాక్సిన్ బిళ్ల వాడేవాళ్లు పరీక్షరోజున రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. వేసుకున్న కొన్ని గంటలపాటు విడి టీ4 పెరిగి కనిపిస్తుంది. మామూలు రోజుల్లో పరగడుపున, తిండికి అరగంట నుంచి గంట ముందు. క్యాల్షియం, ఐరన్ బిళ్లలకి నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే పేగులోనే మందుని పట్టేసుకుంటాయి. జుట్టుకోసం వాడే బయోటిన్ కూడా కొన్ని యంత్రాల్లో అంకెల్ని తారుమారు చేస్తుంది, కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. మోతాదు మార్చిన వారానికే మళ్లీ పరీక్ష చేయించుకుని ‘ఏం మారలేదు’ అనుకోవద్దు. రక్తంలో టీ4 సగానికి తగ్గడానికే వారం పడుతుంది, టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు.