డ్రెయిన్‌కి అడ్డమని పాత నిద్రగన్నేరు కొట్టాలా?

కాలవగట్టు:
బెజవాడలో ఏదో ఒక వీధి అనుకోండి. కొత్త డ్రెయిన్ మార్కింగ్ నిద్రగన్నేరు మానుకి రెండున్నర మీటర్ల పక్కగా పడింది. ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలత 190 సెం.మీ., అంటే అడ్డకొలత 60 సెం.మీ. ఎలాగూ వేర్లు తెగుతాయి, ముందే కొట్టేద్దాం అంటున్నారు. నీరు, భూమి, చెట్ల రక్షణకి తెచ్చిన వాల్టా చట్టం (2002) కింద అనుమతి తెచ్చుకోవాలి, సరే. అసలు కొట్టాల్సిన పని ఉందా?

లెవెల్‌మిషన్:
ఉందండి. వేర్లు కాపాడాల్సిన పరిధి అడ్డకొలతకి 12 రెట్లు, అంటే మాను నుంచి 7.2 మీటర్లు. రెండున్నర దగ్గర తవ్వితే ఆ పక్క ఊతం పోయినట్టే. తెగిన వైపు నుంచి మే నెల గాలివాన కొడితే చెట్టు అవతలికి, ఇళ్ల మీదకి పడుతుంది. 2024 సెప్టెంబరు వరద చూశాక కూడా డ్రెయిన్ వద్దంటామా?

గోనెపట్టా:
కొట్టకుండా వేర్లతో సహా లేపి వేరేచోట నాటొచ్చుగా? రావి, మర్రి బతుకుతున్నాయి.

కాలవగట్టు:
గోనెపట్టా గారూ, రావి, మర్రి కొమ్మ పాతినా చిగురించే రకం. వాటిని చూసి అన్ని చెట్లకీ లెక్క కట్టకూడదు. దీనికి అడ్డకొలతకి పది రెట్లు మట్టిగడ్డ ఉండాలి: 6 మీటర్ల వెడల్పు, మీటరు లోతు, 28 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు 1.7 టన్నుల చొప్పున మట్టే 48 టన్నులు. క్రేన్ సంగతి అటుంచండి, అంత గడ్డ ఏ వీధిలోంచి పోతుంది? గడ్డ తగ్గిస్తే వేర్లూ తగ్గుతాయి. పైగా నల్లరేగడి: ఎండితే నెర్రెలిచ్చి విడిపోతుంది, తడిస్తే జారిపోతుంది. సగం చుట్టూ కందకం తీసి, పిల్లవేర్లు పుట్టేదాకా నెలల తరబడి ఆగి, అప్పుడు రెండో సగం తియ్యాలి. టెండర్లో ఆ నెలలు ఎవరు రాస్తారు?

లెవెల్‌మిషన్ గారికి: 7.2 మీటర్లు ఉంటే చాలా మంచిది, నిజమే. చెట్టు కూలే ప్రమాదం బాగా పెరిగేది మాత్రం అడ్డకొలతకి మూడు రెట్ల లోపు, అంటే 1.8 మీటర్ల లోపు తవ్వితే. అసలు నష్టం జేసీబీతో. బకెట్ వేరుని పట్టి లాగితే మాను దాకా చీలిపోతుంది. గడ్డపారతో తవ్వండి. సన్నవేర్లు రంపంతో నున్నగా కోయండి, 5 సెం.మీ. దాటినవి ముట్టుకోవద్దు. ఆ వరదలో సింగ్‌నగర్ మునిగింది బుడమేరు వాగుకి గండ్లు పడి, వీధి డ్రెయిన్ వల్ల కాదు.

లెవెల్‌మిషన్:
గండ్ల మాట ఒప్పుకుంటా. మరి ఆ లావు వేరు డ్రెయిన్ మధ్యలోనే అడ్డమొస్తే? అందరూ అక్కడ పైపులు వేయమంటారు. 90 × 120 సెం.మీ. డ్రెయిన్ అంటే 1.08 చదరపు మీటర్లు. 450 మి.మీ. పైపులు రెండు వేసినా 0.32. చెత్త అక్కడే పట్టుకుంటుంది, నీళ్లు వెనక్కి తంతాయి.

కాలవగట్టు:
పైపులు నేనూ వద్దనే అంటా. చెట్టు ముందు పన్నెండు మీటర్ల మేర డ్రెయిన్‌ని రోడ్డు వైపు మీటరున్నర జరపండి, దూరం 4 మీటర్లవుతుంది. రెండు వంపుల దగ్గరా పూడిక తీసే చాంబర్లు, పైన లారీ బరువు మోసే స్లాబు. తవ్విన మట్టి మానుకి ఆనించి పోయొద్దు, మొదలు దగ్గర బెరడు కుళ్లుతుంది. ఈ తప్పు మాత్రం ప్రతి పనిలోనూ కనిపిస్తుంది.

లెవెల్‌మిషన్:
మంచినీళ్ల పైపు, కేబుళ్లు ఉండేది ఆ మీటరున్నరలోనే. ముందు కింద ఏముందో చూసేందుకు రెండు ట్రయల్ పిట్లు తవ్విద్దాం. ఖాళీ ఉంటే జరుపుతా. పైపు తగిలితే మాత్రం దాన్ని మార్చే ఖర్చు ఎస్టిమేట్లో వేసి, అప్పుడు మాట్లాడదాం.