బావి ఈత వచ్చు, మెక్సికో నీటి గుహల్లో డైవింగ్‌కి ఒక్కడినే వెళ్లొచ్చా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
అందరికీ నమస్తే. చిన్నప్పటి నుంచి మా వ్యవసాయ బావిలో ఈత కొట్టినవాణ్ణి. అడుగు దాకా మునిగి మట్టి తీసుకురాగలను. వచ్చే చలికాలం ఒక్కడినే బ్యాగు తగిలించుకుని మెక్సికో వెళ్లి, యుకటాన్ నీటి గుహల్లో డైవింగ్ చేసి, తర్వాత కొన్ని రోజులు బీచ్‌లో హాయిగా ఉండి రావాలని కోరిక. సిలిండర్‌తో డైవింగ్ ఇంతవరకు చేయలేదు. నేరుగా అక్కడికే వెళ్లి నేర్చుకోవచ్చా? ఒక్కడినే అనేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు (దేవరకొండ నుంచి):
తమ్ముడూ, నీళ్లంటే భయం లేకపోవడం మంచిదే. కానీ బావిలో అలవాటైన ఒక పని సిలిండర్‌తో దిగినప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది. అది ఊపిరి బిగబట్టడం. బావిలో నువ్వు గట్టు మీద పీల్చిన గాలితోనే దిగుతావు. కిందికి వెళ్లేకొద్దీ అది ఛాతీలో కుంచించుకుపోతుంది, పైకి వచ్చేసరికి మళ్లీ మామూలవుతుంది. సిలిండర్‌తో అలా కాదు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు, నువ్వు పీల్చేది ఆ ఒత్తిడిలో ఉన్న గాలే. అక్కడ గుండెల నిండా పీల్చి, బిగబట్టి పైకి వస్తే అది రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. అందుకే డైవింగ్‌లో మొదటి పాఠం, ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. ఇన్నేళ్ల అలవాటు పోవాలంటే కోర్సులో కూర్చుని, ముందు పూల్‌లో, తర్వాత సముద్రంలో నేర్చుకోవాల్సిందే.

రెండో సంగతి గుహ. బావిలో ఏమైనా తేడా వస్తే తల పైకెత్తి వచ్చేస్తావు. గుహలో తల మీద రాయి ఉంటుంది. బయటికి దారి నువ్వు వచ్చిన దారే. కాలు అడుగుకి తగిలిందా, ఒండ్రు లేచి లైటు ఉన్నా చెయ్యి కనపడదు. అందుకే గుహ డైవర్లు ప్రవేశం నుంచి తాడు వేసుకుంటూ వెళ్తారు, మనిషికి మూడు లైట్లు పెట్టుకుంటారు. గాలిలో మూడో వంతు లోపలికి, మూడో వంతు బయటికి, మిగిలింది ఆపదకి అని లెక్క కట్టుకుంటారు. ఈ నియమాలు ప్రమాదాలను పరిశీలించి రాసుకున్నవి. వాటిని పుస్తకంగా రాసిన అమెరికా గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ అంతటి మనిషే 1994లో మెక్సికోలోని జకాటోన్ అనే లోతైన నీటి గుంతలో చనిపోయాడు.

అయినా కోరిక వదులుకోవద్దు. అక్కడి సెనోటేల్లో, అంటే నువ్వు చెప్పిన ఆ నీటి గుహల్లో, 'కావర్న్' డైవ్ వేరు, 'కేవ్' డైవ్ వేరు. కావర్న్ అంటే పగటి వెలుతురు కనపడేంత దూరమే. ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి డైవింగ్ కోర్సు సర్టిఫికెట్ ఉన్నవాళ్లని గైడ్ తీసుకెళ్తాడు. తులుమ్ అనే ఊరి దగ్గరి దోస్ ఓహోస్ సెనోటేలో లోతు 10 మీటర్ల లోపే, నీళ్లు అద్దంలా ఉంటాయి. ఆ గుహలు మంచుయుగంలో ఎండిపోయి ఉండేవి, అందుకే నీటి అడుగున కూడా బొర్రా గుహల్లో లాంటి సున్నపురాతి స్తంభాలు కనిపిస్తాయి. నన్నడిగితే ఈ లోకంలో చూడాల్సిన వాటిలో అది ఒకటి. గైడ్‌కి పూర్తి గుహ డైవింగ్ సర్టిఫికెట్ ఉందా, ఒక్కడే నలుగురిని మించి తీసుకెళ్తాడా అని ముందే అడుగు. లోపల చాలాచోట్ల పుర్రె బొమ్మతో 'ఆగు' అని బోర్డు ఉంటుంది. గైడ్ రమ్మన్నా అది దాటవద్దు.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి):
అన్న చెప్పింది నిజం. కోర్సు అండమాన్‌లో చేయి, స్వరాజ్ ద్వీప్‌లో. పాస్‌పోర్టు అక్కర్లేదు. మూడు నాలుగు రోజుల్లో ఓపెన్ వాటర్ అయిపోతుంది, 18 మీటర్ల దాకా అర్హత వస్తుంది. రాధానగర్ బీచ్ కూడా అక్కడే. తర్వాత ఇంకొన్ని డైవ్‌లు చేసి, నీళ్లలో తేలకుండా మునగకుండా ఒకే ఎత్తులో నిలబడడం వచ్చాక మెక్సికో పెట్టుకో. ఈ చలికాలం అండమాన్, వచ్చే చలికాలం మెక్సికో అనుకుంటే సరిపోతుంది.

బీచ్ చివర్లో పెట్టుకున్నావు, అది చాలా మంచి ఆలోచన. వరుసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. అండమాన్‌లో కూడా ఇదే లెక్క. వేసవిలో ఆ కరీబియన్ తీరానికి సర్గాసమ్ అనే నాచు గుట్టలుగా కొట్టుకొస్తుంది, జూన్ నుంచి నవంబర్ దాకా తుపాన్ల కాలం. కాబట్టి డిసెంబర్ తర్వాతే వెళ్లు.

మనవాళ్లకి మెక్సికో వీసా కావాలి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే వేరేగా అక్కర్లేదు. అమెరికా మీదుగా టికెట్ తీస్తే విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండాల్సిందే, చౌకగా ఉందని ముందే బుక్ చేయకు. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో డైవింగ్ ఉండకపోవచ్చు, షరతులు చదివి డైవింగ్‌కి విడిగా తీసుకో.

ప్రశ్నించినవారు:
అక్కా, అన్నా, చాలా థాంక్స్. అండమాన్‌కే ముందు వెళ్తాను. కోర్సుకి ముందు సోమశిల దగ్గర కృష్ణలో ప్రాక్టీస్ చేసుకోవచ్చా? చిన్నప్పుడు ఆయాసం ఉండేది, ఇప్పుడేం లేదు, చెప్పాలా?

జవాబు (దేవరకొండ నుంచి):
కృష్ణలో వద్దు తమ్ముడూ. అది శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు, అడుగున ఏముందో కనపడదు. ఆగకుండా 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలడం కోర్సులో పరీక్ష. బావిలో దూరం ఈదడం రాదు, అందుకే పూల్‌లో పొడవుగా ఈది అలవాటు చేసుకో.

ఆయాసం సంగతి తప్పకుండా చెప్పాలి. కోర్సుకి ముందు ఆరోగ్య ఫారం ఇస్తారు. ఆస్తమా ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుపోతే పైన చెప్పిన ప్రమాదమే. ఇక్కడే ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గర పరీక్ష చేయించుకుని, డైవింగ్ చేయొచ్చని కాగితం రాయించుకున్నాకే టికెట్ తీయి. ఇంట్లోవాళ్లకి మాత్రం డైవ్ ఉన్న రోజు ఎన్నింటికి దిగుతున్నావో, ఎన్నింటికి బయటికి వస్తావో, గైడ్ నంబరు ఏంటో ముందే మెసేజ్ పెట్టు. బయటికి రాగానే ఫోన్ చేయి.