రాష్ట్రపతికి మనమే ఓటేస్తే తప్పేంటి?

పాలమూరు కుర్రాడు:
ఇంటర్ చదివే మా చెల్లి నిన్న అడిగింది: "అన్నా, సర్పంచికి అమ్మ ఓటేస్తది, రాష్ట్రపతికి ఎందుకు వేయదు?" 2022లో ద్రౌపది ముర్ము గారి ఎన్నికలో ఓటు హక్కున్నది 4,809 మందికే. 776 మంది ఎంపీలు, మిగిలినవాళ్లు ఎమ్మెల్యేలు. ఇంత పెద్ద దేశంలో ఇది న్యాయమేనా?

విజయనగరం మాస్టారు:
న్యాయమే బాబూ. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకోవాల్సిన మనిషి. రాజ్యాంగ సభలో సభ్యుడు కె.టి. షా ప్రత్యక్ష ఎన్నిక పెట్టమన్నారు, నెహ్రూ ఒప్పుకోలేదు. కోట్ల మంది ఓటేసి గెలిపించాక ఆయన ప్రధాని మాట వింటాడా? ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు.

పైగా ఇది ఢిల్లీ ఒక్కటే తేల్చే ఎన్నిక కాదు. ఇక్కడ ఒక్కో ఓటుకూ ఒక విలువ ఉంటుంది. రాష్ట్ర జనాభాను అసెంబ్లీ సీట్లతో, మళ్లీ వెయ్యితో భాగిస్తే ఎమ్మెల్యే ఓటు విలువ వస్తుంది. 2022లో ఎమ్మెల్యేల ఓట్ల మొత్తం విలువ 5,43,231, ఎంపీలది 5,43,200. తూకం వేసినట్టు సమానం. ఫలానా వాళ్లకే వేయాలన్న పార్టీ ఆదేశం (విప్) ఉండదు, రహస్య ఓటు. 1969 గుర్తు చేసుకోండి. కాంగ్రెస్ అభ్యర్థి మన నీలం సంజీవరెడ్డి. ఇందిర "అంతరాత్మ ప్రబోధం" అనగానే సొంత పార్టీ వాళ్లే చాలామంది స్వతంత్ర అభ్యర్థి వి.వి. గిరికి వేశారు. మొదటి లెక్కలో ఎవరూ సగం దాటలేదు. ఓటర్లు తమ రెండో ఎంపికగా రాసిన రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. అంత గట్టి పోటీ జరిగింది.

జైపూర్ తెలుగోడు:
మాస్టారూ, పద్ధతి మీద నాకు పేచీ లేదు. లెక్క మీదే ఉంది. ఎమ్మెల్యే ఓటు విలువకి ఇప్పటికీ 1971 జనాభానే ఆధారం. కేరళ ఎమ్మెల్యే ఓటు 152, నేనుండే రాజస్థాన్ ఎమ్మెల్యేది 129. 2011 లెక్కల ప్రకారం చూస్తే కేరళది 239, రాజస్థాన్‌ది 343 అవుతుంది. ఇక్కడి మనుషులు మనుషులు కారా?

విజయనగరం మాస్టారు:
మీ బాధ అర్థమైంది. కానీ ప్రభుత్వం చెప్పినట్టు కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు విలువ తగ్గించడం ఇంకా పెద్ద అన్యాయం. మాట విన్నవాడికే శిక్షా? అందుకే 1976లో రాజ్యాంగ 42వ సవరణ ఆ లెక్కను 1971 జనాభా దగ్గరే ఆపింది, తర్వాత 84వ సవరణ గడువు పొడిగించింది. 2026 తర్వాత వచ్చే జనాభా లెక్కలతో అది కదిలితే నష్టపోయేది మనమే.

పాలమూరు కుర్రాడు:
మాస్టారూ, మీరు చెప్పింది చెల్లికి నోట్‌బుక్కులో చేసి చూపించాను. తెలంగాణకు 1971 జనాభా 1,57,02,122. దాన్ని 119 సీట్లతో భాగించి, మళ్లీ వెయ్యితో భాగిస్తే 131.95, అంటే 132. తను ఆ అంకె కింద గీత గీసి, "ఇందులో నేనున్నానా?" అంది. లేదన్నాను. "అమ్మ?"

అమ్మ పుట్టింది 1978లో. ఏం చెప్పమంటారు?