నీమన్ ఫెలోషిప్ వాళ్లతో మాట్లాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అనంతపురంలో 14 ఏళ్లుగా తెలుగు పేపర్ రిపోర్టర్‌ని. హార్వర్డ్‌లో 1938 నుంచి నడుస్తున్న నీమన్ ఫెలోషిప్‌కి ఈసారి అప్లై చేద్దామని కూర్చున్నా. కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న జర్నలిస్టులకే, డిగ్రీ ఏమీ ఇవ్వరు, ఒక విద్యా సంవత్సరం అక్కడుండి నచ్చిన క్లాసుల్లో కూర్చోవడమే, ఇంతవరకు అర్థమైంది. అర్థం కానిది దాన్ని నడిపే మనుషులు. అక్కడ పెద్ద పదవి పేరు క్యూరేటర్ అట, మ్యూజియంలో బొమ్మలకు కాపలా ఉన్నట్టు!

నా పనంతా తెలుగులోనే. కళ్యాణదుర్గం వైపు ఎండిన బోర్ల మీద, వేరుశనగ నష్టాల మీద రాసిన కటింగులు టేబుల్ మీద పరిచా, ఒకదానిపై టీ గ్లాసు మరక గుండ్రంగా అలాగే ఉంది. "ఊడలు దిగే టైంలో వాన మొహం చాటేసింది" అన్న నా వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టడానికే సగం రోజు పోయింది.

అనువాదం నేనే చేసి పంపొచ్చా, వేరేవాళ్లతో చేయించాలా? చిన్న సందేహాలకు ఆఫీసుకి మెయిల్ పెడితే జవాబిస్తారా, విసుక్కుంటారా? జిల్లా విలేకరి అంటే ఏంటో సెలక్షన్ వాళ్లకి మొదటి నుంచీ వివరించాలా? మా డెస్క్‌లో అడిగితే "నీకెందుకప్పా ఇవన్నీ" అన్నారు. ఇంటర్వ్యూ దాకా వెళ్లినవాళ్లుంటే కాస్త చెప్పండి, టెన్షన్‌గా ఉంది.