డైడోకి వర్జిల్ అన్యాయం చేశాడా, ఆమెను బతికించాడా?

పాతపుస్తకాలు:
మొన్న ఇంకో చర్చలో ఒకాయన, రోమన్ కవి వర్జిల్ రాసిన లాటిన్ కావ్యం ఈనియడ్ గురించి "దాని నాలుగో పుస్తకాన్ని మించిన ప్రేమకథ లేదు" అన్నారు. కవిత్వంగా గొప్పదే, కాదనను. కానీ అది ఒక ఆడమనిషి మీద వేసిన నింద కూడా అని నా వాదన. తిట్టేవాళ్లు తిట్టండి, ముందు రెండు కథలూ వినండి.

వర్జిల్ కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. ట్రాయ్ నగరం తగలబడ్డాక ఓడల్లో తిరుగుతున్న ఆ ఊరి వీరుడు ఈనియస్ తుఫానుకి కొట్టుకొచ్చి ఆఫ్రికా ఒడ్డున కార్తేజ్ చేరతాడు. అక్కడి రాణి డైడో. భర్త పోయాక మళ్లీ పెళ్లి మాట ఎత్తనని ఒట్టు పెట్టుకున్న మనిషి. దేవతలు వీనస్, జూనో చెరో ఎత్తూ వేసి ఆమెను అతని మీద మనసు పడేలా చేస్తారు. వేటకెళ్లిన రోజు వాన వస్తే ఇద్దరూ ఒక గుహలోకి చేరతారు. తర్వాత దేవతల రాజు జూపిటర్ కబురు పంపుతాడు, ఇటలీ వెళ్లాల్సినవాడివి ఇక్కడేం చేస్తున్నావని. ఇతను ఓడ ఎక్కేస్తాడు. ఆమె చితి పేర్పించుకుని, అతని కత్తితోనే పొడుచుకుని చనిపోతుంది.

ఇక రెండోది. సిసిలీకి చెందిన గ్రీకు చరిత్రకారుడు టిమేయస్ వర్జిల్‌కి రెండువందల ఏళ్లకు పైగా ముందే ఈ కథ చెప్పాడు. వివరంగా కావాలంటే జస్టిన్ అనే రోమన్ రచయిత దగ్గర దొరుకుతుంది. అందులో ఈమె పేరు ఎలిస్సా, టైర్ నగరం రాజు కూతురు. తమ్ముడు పిగ్మాలియన్ డబ్బు కోసం ఆమె భర్తను చంపిస్తాడు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. తమ్ముడు పంపిన పనివాళ్ల చేత మూటలు సముద్రంలో పారేయించింది. వాటి నిండా ఇసుకే. కానీ భర్త బంగారం అదేనని నమ్మించి, "ఇప్పుడు రాజు మిమ్మల్ని బతకనిస్తాడా?" అని అడిగింది. దాంతో వాళ్లు కూడా ఆమెతో పాటు ఓడ ఎక్కారు. ఆఫ్రికాలో ఎద్దుతోలు పరిచినంత నేల చాలని బేరమాడి, తోలును సన్నటి దారాల్లా కోయించి కొండంత చుట్టేసింది. ఊరు వృద్ధిలోకి వచ్చాక పక్క రాజు హియార్బస్ పెళ్లి చేసుకోకపోతే యుద్ధమే అన్నాడు. సొంత పెద్దలే ఆమెను మాటల్లో ఇరికించారు. మూడు నెలలు గడువు తీసుకుంది. ఊరి చివర చితి పేర్పించి, "మీరు చెప్పినట్టే నా భర్త దగ్గరికి వెళ్తున్నాను" అని కత్తి దూసింది.

చితి అదే, కత్తి అదే. వర్జిల్ మార్చింది చావుకి కారణాన్ని. ఊరిని కాపాడుకుంటూ చచ్చిన మనిషిని, మగాడు వదిలేశాడని చచ్చిన మనిషిగా మార్చేశాడు. ఎలిస్సా కథలో ఈనియస్ అనేవాడే లేడు.

అడ్డంగా అడిగేవాడు:
అండీ, ఒక చిన్న డౌటు. కార్తేజ్ పుట్టింది క్రీ.పూ. 814లో అని ప్రాచీనుల లెక్క. ట్రాయ్ పడింది క్రీ.పూ. 1184లో అని వాళ్లదే ఇంకో లెక్క. మధ్యలో 370 ఏళ్లు. వీళ్లిద్దరూ కలిసే అవకాశమే లేదు, అసలు ఈనియస్ ఉన్నాడో లేడో కూడా ఎవరికీ తెలీదు. ఇసుక మూటల కథ మాత్రం చరిత్రా? ఒక కట్టుకథ బదులు ఇంకో కట్టుకథ చెప్తే పరువు నష్టం దావా ఎవరు వేయాలి?

పాతపుస్తకాలు:
దావా వేసినవాళ్లు ఉన్నారండీ, అదీ ఆ ఊరివాళ్లే. టెర్టులియన్ కార్తేజ్‌లోనే పుట్టిన క్రైస్తవ రచయిత, క్రీ.శ. 200 ప్రాంతం. కోరికతో కాలిపోవడం కంటే పెళ్లి చేసుకోవడం మేలని సెయింట్ పాల్ అన్నమాట ఉంది కదా, దాన్ని తిరగేసి, మా రాణి పెళ్లి కంటే కాలిపోవడమే మేలనుకుంది అని రాశాడు. వర్జిల్‌ని రోమ్ సామ్రాజ్యంలో ప్రతి బడిలోనూ కంఠస్థం పట్టించే రోజుల్లో ఈ మాట. ఇంకో రెండు శతాబ్దాలకి మాక్రోబియస్ అనే లాటిన్ రచయిత ఏమన్నాడంటే, ఇది అబద్ధమని అందరికీ తెలుసు, అయినా అందం కొద్దీ అందరూ దీన్నే పట్టుకున్నారు, బొమ్మలు వేసేవాళ్లూ దారంతో కుట్టేవాళ్లూ కూడా ఇదే ఎంచుకుంటున్నారు అని. చివరికి ఎక్కడో ఇంగ్లండ్‌లో, సోమర్‌సెట్‌లోని లో హామ్ దగ్గర, నాలుగో శతాబ్దపు రోమన్ స్నానాల గది నేల మీద కూడా డైడో, ఈనియస్ కౌగలించుకుని ఉన్న మొజాయిక్ (రంగురాళ్ల బొమ్మ) బయటపడింది.

శ్లోకంపిచ్చి:
మేడమ్, మీ ఎలిస్సా తెలివైనదే, నాకూ నచ్చింది. కానీ వర్జిల్ రాయకపోయి ఉంటే ఈ రోజు మీరు ఆమె కోసం పోట్లాడేవారా? జస్టిన్‌ని ఎంతమంది చదువుతారు?

అసలు సంగతి వేరే ఉంది. వర్జిల్ పని ఏమిటి? ఈనియస్‌ని రోమ్‌కి మూలపురుషుడిగా నిలబెట్టడం. అప్పటి రోమ్ చక్రవర్తి అగస్టస్ వంశం తాము ఆ ఈనియస్ సంతానమే అని చెప్పుకునేది. అలాంటి కావ్యంలో హీరో తరఫున నాలుగు మంచి వాదనలు రాయాలి కదా? ఏం రాశాడో చూడండి. డైడో నిలదీస్తుంది. ఇతను చాలా సేపు ఏదో సంజాయిషీ చెప్పి, చివర్లో "ఇటలీకి నా ఇష్టంతో వెళ్లడం లేదు" అంటాడు. లాటిన్‌లో ఆ పాదం సగంలోనే ఆగిపోతుంది. కావ్యం పూర్తి చేయకుండానే వర్జిల్ పోయాడు కాబట్టి అలాంటి సగం పాదాలు ఇంకా ఉన్నాయి, నిజమే. కానీ దీన్ని పూర్తి చేయాల్సిన అవసరం నాకైతే కనిపించదు. ఆమెకి మాత్రం పేజీల కొద్దీ నోరిచ్చాడు.

ఆరో పుస్తకం కూడా చదవండి. పాతాళంలో ఈనియస్‌కి ఆమె నీడ కనిపిస్తుంది, మబ్బుల చాటున నెలవంకను చూశానో, చూశాననుకున్నానో అన్నట్టు. ఏడుస్తూ బతిమాలతాడు. ఆమె చూపు నేల మీద నుంచి లేవదు. ఒక్క మాటైనా అనకుండా తన మొదటి భర్త దగ్గరికి వెళ్లిపోతుంది. ఓడిపోయినవాడు ఎవరో వర్జిల్‌కి తెలుసండీ. నింద వేయాలనుకున్నవాడు ఈ సీను రాయడు.

డల్లాస్ నైట్‌షిఫ్ట్:
ఈ రెండు వాదాల్లోనూ రాజకీయం మిస్సయింది. రోమన్ సేనాని ఆంటోనీ, అతని ప్రేయసి ఈజిప్టు రాణి క్లియోపాత్రా అగస్టస్ చేతిలో ఓడిన ఆక్టియం యుద్ధం క్రీ.పూ. 31. క్లియోపాత్రా చావు 30. ఆ వెంటనే వర్జిల్ ఈ కావ్యం మొదలుపెట్టాడు. ఆఫ్రికా రాణి, ఆమె దగ్గర చిక్కుకుని పని మర్చిపోయిన వీరుడు అనగానే రోములో ప్రతివాడికీ ఎవరు గుర్తొస్తారు? ఆంటోనీ చేయలేని పని ఈనియస్ చేశాడు, బయటపడ్డాడు. అగస్టస్ వినాలనుకున్న పాఠం అదే.

శాపం సంగతి ఇంకా ఘోరం. డైడో చస్తూ, నా ఎముకల్లోంచి పగ తీర్చేవాడు పుట్టాలి అంటుంది. అంటే రోమ్ మీదికి దండెత్తిన కార్తేజ్ సేనాని హానిబాల్. క్రీ.పూ. 264 నుంచి 146 దాకా మూడు యుద్ధాలు చేసి, చివరికి కార్తేజ్‌ని నేలమట్టం చేసింది రోమ్. సిసిలీ ఎవరిది, సముద్ర వ్యాపారం ఎవరిది అన్న గొడవ అది. దాన్ని తీసుకెళ్లి ప్రేమలో దెబ్బతిన్న ఆడదాని శాపం ఖాతాలో రాసేశాడు. మన సినిమాల్లో విలన్ ఫ్లాష్‌బ్యాక్ లాగా! పైగా ఆ ఏళ్లలోనే అగస్టస్ అదే చోట రోమన్ కాలనీ కట్టిస్తున్నాడు.

శ్లోకంపిచ్చి:
డల్లాస్ గారూ, అగస్టస్ వినాలనుకున్న పాఠం అదే అయితే జనం దాన్ని వినలేదు. ఓవిడ్ అనే కవిని అగస్టస్ నల్లసముద్రం ఒడ్డుకి దేశబహిష్కారం చేశాడు. అక్కడి నుంచి అతనికే రాసిన కవితలో ఓవిడ్ అంటాడు, మీ ఈనియడ్‌లో జనం ఎక్కువగా చదివేది ఆ అక్రమ ప్రేమ భాగమే అని. ఎంత ధైర్యం! అంతకుముందే డైడో ఈనియస్‌కి రాసినట్టు ఒక ఉత్తరం కూడా కల్పించాడు. అందులో ఆమె నేను గర్భవతినేమో అని కూడా అంటుంది. వర్జిల్ రాసిన డైడో అయితే ఒక చిన్నారి ఈనియస్ ఆడుకుంటూ ఉంటే బాగుండేది అని మాత్రమే అనుకుంటుంది. ఓవిడ్ కత్తిని ఇంకొంచెం లోపలికి దించాడు.

క్రైస్తవ గురువు సెయింట్ అగస్టీన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆయనదీ ఉత్తర ఆఫ్రికాయే. చిన్నప్పుడు డైడో చావుకి ఏడ్చానని, నా ఆత్మ చస్తుంటే ఏడవలేదని ఒప్పుకున్నాడు.

పాతపుస్తకాలు:
అదే చోట ఇంకో మాట కూడా అన్నాడండీ, అది అందరూ వదిలేస్తారు. ఈనియస్ నిజంగా కార్తేజ్ వచ్చాడా అని అడిగితే, చదువు తక్కువవాళ్లు తెలీదంటారు, చదువుకున్నవాళ్లు రాలేదంటారు అని. రాలేదని తెలిసీ ఏడ్చాడన్నమాట.

నింద సంగతి మీరు తేలిగ్గా తీసేస్తున్నారు. నరకయాత్ర కావ్యం రాసిన ఇటలీ కవి దాంతే ఏం చేశాడు? డైడోని నరకం రెండో వలయంలో, కామంతో చెడినవాళ్ల గుంపులో పెట్టాడు. ఆత్మహత్య చేసుకున్నవాళ్లకి అతని నరకంలో ఏడో వలయంలో వేరే అడవి ఉంది, అక్కడ కూడా పెట్టలేదు. భర్త చితాభస్మానికి ఇచ్చిన మాట తప్పింది అని ముద్ర. ఆ ముద్ర ఎవరి దగ్గర నుంచి వచ్చింది? ఆ కావ్యంలో దాంతేకి దారి చూపిస్తూ పక్కనే నడుస్తున్న వర్జిల్ దగ్గర నుంచే! తర్వాత ఇటలీ రచయితలు పెట్రార్క్, బొకాచియో వచ్చి, కాదు, ఆమె పతివ్రత అని పాత కథని మళ్లీ బయటికి తీయాల్సి వచ్చింది. 1405లో క్రిస్టీన్ డి పిజాన్ అనే రచయిత్రి ఆడవాళ్ల నగరం కడుతున్నట్టు రాసిన పుస్తకంలో ఎద్దుతోలు తెలివిని పొగుడుతూ డైడోకి చోటిచ్చింది.

అడ్డంగా అడిగేవాడు:
పతివ్రత అని నిరూపిస్తేనే గౌరవం దక్కుతుందా? మీ పెట్రార్క్, టెర్టులియన్ చేసింది కూడా అదే కదా. రెండోసారి ప్రేమిస్తే కామం, చితి ఎక్కితే శీలం. ఆ లెక్కన నాకు వర్జిల్ డైడోనే నయం. కనీసం మనిషిలా ఉంది.

పాతపుస్తకాలు:
ఈ మాటకి మాత్రం నా దగ్గర రెడీమేడ్ జవాబు లేదు. అయితే నేను అడుగుతున్నది శీలం సర్టిఫికెట్ కాదు. ఆమె ఊరు కట్టిన మనిషి. వర్జిల్ మొదటి పుస్తకంలో "ఈ పనికి నాయకురాలు ఆడది" అని ఎత్తుకుని, నాలుగో పుస్తకానికల్లా గోడల పని ఆగిపోయింది, బురుజులు లేవడం లేదు అంటాడు. ప్రేమలో పడ్డ రాణి పాలన మానేస్తుందట. నా కోపం దాని మీద.

బేస్‌గిటార్ బాబాయ్:
పుస్తకాలవాళ్ల మధ్య దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. నాకు డైడో తెలిసింది ఇంగ్లిష్ స్వరకర్త పర్సెల్ ఒపెరాతో (పాటల నాటకం). 1689 నాటికి లండన్ పక్కన చెల్సీలో ఆడపిల్లల బడిలో ఆడారు. చివర్లో డైడో పాడేచోట కింద బేస్ ఒకటే అయిదు బార్ల వరస, మెట్లు దిగుతున్నట్టు దిగి మళ్లీ మొదటికి వస్తూ ఉంటుంది. పైన ఆమె పాట దానితో పాటు ఆగదు, బేస్ ముగిసేచోట ఆమె వాక్యం మధ్యలో ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో బేస్ పెంచి వినండి.

మీ గొడవకి పనికొచ్చే ముక్క ఏంటంటే, పాటలు రాసిన నహూమ్ టేట్ కథ మార్చేశాడు. ఈనియస్‌కి కబురు తెచ్చేది నిజమైన దేవదూత కాదు, మంత్రగత్తె పంపిన దొంగ దూత. పైగా ఈనియస్ చివర్లో "సరే, దేవుళ్ల మాట కాదని ఇక్కడే ఉండిపోతాను" అంటాడు. డైడోయే పొమ్మంటుంది. వెళ్లాలని ఒక్కసారి అనుకున్నావు చాలు అని.

కృష్ణలంక పాఠకురాలు:
బాబాయ్ గారూ, ఇది చదవగానే శకుంతల గుర్తొచ్చింది. భారతంలో దుష్యంతుడు గుర్తుండే బొంకుతాడు, నన్నయ్య శకుంతల సభలో అతన్ని దులిపేస్తుంది. కాళిదాసు దుర్వాసుడి శాపం, ఉంగరం తెచ్చి రాజు తప్పు కాదనిపించాడు. టేట్ మంత్రగత్తెది కూడా అదే పని అనుకుంటా, హీరోని కాపాడటం.

బేస్‌గిటార్ బాబాయ్:
సగం అవునమ్మా, సగం కాదు. శాపంతో దుష్యంతుడు మంచివాడైపోయాడు. దొంగ దూతని నమ్మి బయల్దేరిన ఈనియస్ ఇంకా వెర్రివాడిలా కనిపిస్తాడు. దేవుడి ఆజ్ఞ అన్న ఒక్క సాకూ పోయింది.

డల్లాస్ నైట్‌షిఫ్ట్:
ట్యునీషియా 2005లో తెచ్చిన 10 దీనార్ల నోటు మీద ఎలిస్సా బొమ్మ వేసింది. ఆ దేశానికి ఆమె ఊరు కట్టిన మనిషిగానే లెక్క. పాతపుస్తకాలు గారి పార్టీ అక్కడ గెలిచినట్టే.

కృష్ణలంక పాఠకురాలు:
ఇవేవీ చదవలేదు నేను. ముందు ఏది మొదలుపెట్టమంటారు?

పాతపుస్తకాలు:
జస్టిన్ 18వ పుస్తకం, 4 నుంచి 6 అధ్యాయాలు. అరగంట కూడా పట్టదు. వర్జిల్ ముందు చదివితే ఎలిస్సా మీకు ఇక కనిపించదు.

శ్లోకంపిచ్చి:
ఒప్పుకోను. ఈనియడ్ 1, 4, తర్వాత ఆరో పుస్తకంలో 450వ పాదం నుంచి 476 దాకా. ఆ తర్వాత ఓవిడ్ ఉత్తరం. జస్టిన్ ఆఖర్న చదవండి, అప్పుడే వర్జిల్ ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో తెలుస్తుంది. ముందే చదివితే ప్రతి పేజీలోనూ తప్పులు వెతుక్కుంటూ కూర్చుంటారు, మేడమ్ లాగా.

పాతపుస్తకాలు:
వెతకనివ్వండి. దొరుకుతాయి కూడా.