పెద్దవారిలో ఏడీహెచ్‌డీ: ఫ్యామిలీ డాక్టర్‌ను ఎలా ఒప్పించాలి?

నమస్కారం. నాకు 38 ఏళ్లు, కెనడాలోని ఒంటారియోలో ఉంటున్నాను. మొదలుపెట్టిన పని పూర్తిచేయలేకపోవడం, గడువు మెడ మీదికి వస్తే తప్ప కదలకపోవడం చిన్నప్పటి నుంచీ ఉన్నవే. ఇది ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, నిలకడలేనితనం ఉండే మెదడు ఎదుగుదల సమస్య) అని నా అనుమానం. సైకాలజిస్టు దగ్గర పరీక్షకు ఓహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) వర్తించదు, ఆ ఖర్చు నా వల్ల కాదు. ఇక్కడ ఫ్యామిలీ డాక్టర్లు కూడా నిర్ధారించి మందులు రాయవచ్చు. మా డాక్టర్ మాత్రం ‘ఉద్యోగం బాగానే చేస్తున్నారు కదా, ఒత్తిడి అయి ఉంటుంది’ అని దాటవేశారు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఉద్యోగాలే చేయరన్నట్టు!

ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఏఎస్ఆర్ఎస్ ప్రశ్నావళి (పెద్దవారు తమ ఏడీహెచ్‌డీ లక్షణాలను తామే గుర్తించుకునేది) నింపుకుని మళ్లీ వెళ్దామనుకుంటున్నాను. అసలు చిక్కు వేరే ఉంది. నిర్ధారణకు కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే ఉన్నాయని తేలాలి. నేను చదివింది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరి బడి. ప్రోగ్రెస్ కార్డులు ఎప్పుడో పోయాయి, అమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు. అమ్మ చెప్పిన సంగతులు నేనే ఇంగ్లీషులో రాసి ఇస్తే సరిపోతుందా? మీలో ఎవరైనా అలా చేశారా?

ఇంకొకటి. నాకు రక్తపోటు ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మందులు మిథైల్‌ఫెనిడేట్, అటామాక్సెటిన్ రెండూ రక్తపోటును పెంచవచ్చని చదివాను. నాలాంటివారికి మీ డాక్టర్ ఏ మందుతో మొదలుపెట్టారు, మొదట్లో బీపీ ఎంత తరచుగా చూశారు?